బడికి దారి

ఉద్దేశం

ఒక ప్రాంతపు చరిత్రను కోటలలోనూ దేవాలయాలలోనూ వెతకడం పరిపాటి. ఆ ఊరి బడి గోడలు కూడా చరిత్రను చెబుతాయి. శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు తీరాన్ని ఆధారం చేసుకొని ఉత్తరాంధ్రలో ఉన్నత పాఠశాల ఎలా పుట్టిందో, దాని భవనాలు కాలక్రమంలో ఎలా మారాయో, దాని తలుపులు ఎవరెవరికి ఎప్పుడు తెరుచుకున్నాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో బంగాళాఖాతం ఒడ్డున భావనపాడు ఉంది. అది మత్స్యకారుల గ్రామం. తీరం నుంచి లోపలికి వస్తే నౌపడ ఉప్పుమడులు, వాటిని దాటితే టెక్కలి పట్టణం, జాతీయ రహదారి ఎదురవుతాయి. ఈ తీరంలో పుట్టిన బిడ్డ ముందు రెండు దారులు ఉంటాయి. తూర్పుకు నడిస్తే పడవ, పడమరకు నడిస్తే బడి. తూర్పు దారి తరతరాలుగా ఉన్నదే. దానిని తండ్రి కొడుకుకు చూపుతాడు. పడమటి దారి అలా దానంతట అది ఏర్పడలేదు. ఎందరో పూనుకొని ఒక్కొక్క అడుగే వేస్తూ దానిని నిర్మించారు. ఉత్తరాంధ్రలో ఉన్నత పాఠశాల చరిత్ర అంటే బడికీ బిడ్డకూ మధ్య ఉన్న దూరం తగ్గుతూ వచ్చిన చరిత్ర.

ఆ దూరం కోసులతో కొలిచేది మాత్రమే అయితే రోడ్డు వేస్తే సరిపోయేది. డబ్బు లేని దూరం ఒకటి, భాష తెలియని దూరం ఒకటి, ఆడపిల్లకు చదువెందుకనే దూరం మరొకటి. వీటన్నిటికీ తోడు తీరప్రాంతంలో గాలివానలు తెచ్చిపెట్టే ఎడబాటు ఉండనే ఉంది. ఒక పాఠశాల గొప్పతనాన్ని దాని గోడల ఎత్తును బట్టి గాక, అది దాటించిన దూరాలను బట్టి అంచనా వేయాలి.

ఆంగ్లేయుల పాలనకు ముందు తెలుగునాట చదువు వీధి బడులలో సాగేది. వీధి బడికి ప్రత్యేకమైన భవనం ఉండేది కాదు. పంతులుగారి ఇంటి అరుగు, దేవాలయ మండపం, ఊరి నడుమ ఉన్న చెట్టు నీడ, వీటిలో ఏదో ఒకటి పాఠశాల అయ్యేది. నేల మీద పోసిన ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, తరువాత తాటాకు మీద గంటంతో వ్రాయడం, పద్యాలూ ఎక్కాలూ వల్లించడం అక్కడి పద్ధతి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా ఉన్న పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన లెక్కలను క్రోడీకరించి 1826లో ఆయన వ్రాసిన నివేదిక ప్రకారం ఒక కోటి 28 లక్షల పైచిలుకు జనాభాకు 12,498 పాఠశాలలు ఉండేవి. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఈ సంఖ్య చిన్నది కాదు. అయితే వాటిలో కూర్చున్నవారు ఎవరనే ప్రశ్న వేసుకుంటే ఆ లెక్కల్లోని వెలితి తెలుస్తుంది. ఆడపిల్లలు బహు స్వల్పం. ఊరి అంచున, తీరం వెంట బ్రతికే శ్రమజీవుల పిల్లలకు ఆ అరుగు చాలా ఎత్తు.

1854లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఉడ్ విద్యాపత్రం పాఠశాలలకు ప్రభుత్వ సహాయక ద్రవ్యం ఇచ్చే పద్ధతికి మార్గం చూపింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ప్రవేశ పరీక్ష అయిన మెట్రిక్యులేషన్‌కు విద్యార్థులను సిద్ధం చేయడానికి ఉన్నత పాఠశాల అనే కొత్త వ్యవస్థ అవసరమైంది. ఉత్తరాంధ్రలో ఆ బాధ్యతను ముందుగా భుజాన వేసుకున్నవారు సంస్థానాధీశులు. విజయనగరంలో విజయరామ గజపతిరాజు 1857లో స్థాపించిన పాఠశాల 1868లో ఉన్నత పాఠశాలగానూ, 1879లో కళాశాలగానూ ఎదిగింది. గురజాడ అప్పారావు చదివినదీ, 1884లో ఉపాధ్యాయుడుగా ఉద్యోగంలో చేరినదీ ఆ విద్యాలయంలోనే.

అదే విజయనగరం పాఠశాలకు 1875లో వంశధార తీరం నుంచి ఒక బాలుడు వచ్చాడు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన ఆ బాలుడే గిడుగు రామమూర్తి. తండ్రి మరణించగా బంధువుల ఇంట ఉండి చదువుకోవలసి వచ్చింది. సొంత ఊరికి అందుబాటులో ఉన్నత పాఠశాల లేని కాలం అది. చదువు కావాలంటే ఊరు విడవాలి, చుట్టాల ఇంట తలదాచుకోవాలి, లేదా వారాలు చేసుకోవాలి. ఆశ్రయం ఇచ్చే ఇల్లు దొరకని పిల్లల చదువు అక్కడితో ఆగిపోయేది. గిడుగు 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు.

నాటి గంజాం జిల్లాలో పర్లాకిమిడి పెద్ద సంస్థానం. భావనపాడు, నౌపడ, టెక్కలి ప్రాంతాలు కూడా ఆనాడు ఆ జిల్లాలోనివే. అక్కడి పాఠశాలకు అనుబంధంగా 1896లో కళాశాల వెలిసింది. అక్కడ గిడుగు చరిత్ర బోధించాడు. ఆయన దృష్టిలో చరిత్ర పాఠ్యపుస్తకపు పుటలకు పరిమితమైనది కాదు. ముఖలింగం దేవాలయంలోని శాసనాలను స్వయంకృషితో చదివి, తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ఆ ముఖలింగమేనని నిరూపించాడు. తరగతి గదిలో చెప్పే చరిత్ర తమ ఊరి రాళ్ల మీదనే చెక్కి ఉన్నదని విద్యార్థులకు తెలియడం సామాన్యమైన విషయం కాదు.

పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు ఆనాడు లిపి లేదు. బడిలో వారికి చోటు లేదు. చోటు ఇచ్చినా అక్కడ వినిపించే భాష వారికి అర్థం కాదు. కోసుల దూరం కంటే కఠినమైన ఈ దూరాన్ని గిడుగు గుర్తించాడు. తెలుగు, సవర భాషలు రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట ఉంచుకొని ఏళ్ల తరబడి ఆ భాషను అభ్యసించాడు. సవర భాషలో వాచకాలు తయారుచేశాడు. సొంత డబ్బు వెచ్చించి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు నడిపాడు. ఈ కృషికి మెచ్చి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ ధనంతో సవరలకు బడి పెట్టమని ఆయన కోరాడు. 1931లో వెలువడిన సవర వ్యాకరణం, 1938లో వెలువడిన సవర నిఘంటువు ఆ పరిశ్రమకు నిలిచిన సాక్ష్యాలు. ఒక చిన్న పట్టణపు ఉపాధ్యాయుడు ఒక జాతికి చేసిన మహోపకారం ఇది.

బిడ్డ భాష ఒకటి, బడి భాష మరొకటి కావడం కొండలకే పరిమితమైన సమస్య కాదు. తెలుగు పిల్లలకూ అదే ఇబ్బంది ఉండేది. ఇంట మాట్లాడే తెలుగును బడిలో వ్రాస్తే తప్పు. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ ఈ తేడా ఎందుకని ప్రశ్నించినప్పుడు, ఆ ప్రశ్న గిడుగు, గురజాడల ఆలోచనను ఒక ఉద్యమం వైపు నడిపింది. శిష్టుల వాడుక భాషకు బడిలోనూ గ్రంథంలోనూ చోటు కావాలని వారు వాదించారు. గురజాడ 1914లో విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. గిడుగు 1919లో 'తెలుగు' అనే పత్రికను స్థాపించి వాదాన్ని కొనసాగించాడు. విద్యార్థులు నేడు పరీక్షలలో తమకు పరిచితమైన తెలుగులో సమాధానాలు వ్రాయగలుగుతున్నారంటే, అందుకు మూలం ఉత్తరాంధ్ర బడులలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుల పట్టుదల. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆ ఋణాన్ని స్మరించుకోవడమే.

ఇక నేల మీద కొలిచే దూరం. భావనపాడు తీరానికి సమీపంలోని నౌపడ నుంచి పర్లాకిమిడి సుమారు 40 కిలోమీటర్లు. 1900లో పర్లాకిమిడి సంస్థానం ఈ రెండు ఊళ్ల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న పట్టాల రైలు మార్గాన్ని ప్రారంభించింది. నౌపడ వద్ద అది మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్ద మార్గాన్ని చేరుకుంటుంది. ఆ రైలు సరుకులకూ రాకపోకలకూ ఉద్దేశించినదే. అయినా తీరంలో చదువు కోరుకునేవారికి ఒక నాటి ప్రయాణాన్ని అది కొన్ని గంటలకు కుదించింది. 1931 నాటికి ఆ మార్గం గుణుపురం వరకు సాగింది. 2004లో చిన్న రైలు నిలిచిపోయి, తరువాతి సంవత్సరాలలో దాని స్థానంలో పెద్ద పట్టాలు వచ్చాయి.

రైలు తగ్గించిన దూరాన్ని ఒక సరిహద్దు తిరిగి పెంచింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. దానిని వ్యతిరేకించిన గిడుగు, జీవితంలో అధిక భాగం గడిపిన ఆ పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరాడు. 1940లో ఆయన కన్నుమూశాడు. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. ఎన్నో తెలుగు కుటుంబాలు చదువు కోసం చూసిన పట్టణం పక్క రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. ఇకపై ఈ తీరపు పిల్లలకు బడి ఈ వైపునే వెలియవలసి వచ్చింది.

ఆ బాధ్యత క్రమంగా రాజుల చేతుల నుంచి ప్రజల చేతికి వచ్చింది. మద్రాసు రాజధానిలో 1884 నాటి చట్టంతో ఏర్పడిన స్థానిక బోర్డులు, 1920 చట్టంతో బలపడిన జిల్లా బోర్డులు పాఠశాలల నిర్వహణను చేపట్టాయి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోకి రాగా, జిల్లా పరిషత్తులు ఏర్పడి గ్రామీణ ఉన్నత పాఠశాలల భారాన్ని స్వీకరించాయి. ఊరూరా కనిపించే 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనే పేరు వెనుక ఉన్న చరిత్ర ఇది. ఆ పేరులో రాజు లేడు, దాత లేడు. పన్ను కట్టిన ప్రతి పౌరుడూ ఆ బడికి యజమానే.

ఈ పాఠశాలల భవనాలను పరిశీలిస్తే వివిధ కాలాలు పక్కపక్కనే నిలబడి కనిపిస్తాయి. పాత తరం భవనానికి సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, కర్ర దూలాలు, పెంకులు, ముందు పొడవాటి వరండా ఉంటాయి. వేడి గాలి పైకి పోవడానికి గోడ పైభాగంలో చిన్న కిటికీలు అమర్చేవారు. విద్యుత్తు లేని కాలంలో నలభై మంది పిల్లలు వేసవిలో కూర్చోగలిగిన గది అది. తరువాతి తరం భవనం సిమెంటు కాంక్రీటుది. దానికి పైకప్పు బల్లపరుపుగా, గోడలు సన్నగా ఉంటాయి. తక్కువ కాలంలో ఎక్కువ గదులు కట్టడానికి అది అనుకూలించింది. 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987లో ఆరంభమైన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పథకం, ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని ఋతువులలోనూ పనికివచ్చే గదులు కనీసం రెండు ఉండాలని నిర్దేశించింది. వాన కురిస్తే బడికి సెలవు ఇవ్వవలసిన స్థితి ఎంత విస్తారంగా ఉండేదో ఆ నియమమే తెలుపుతుంది.

అయితే సముద్రతీరంలో కాంక్రీటుకు ఒక శత్రువు ఉంది. అది ఉప్పుగాలి. కాంక్రీటు లోపల ఉండే ఇనుప కడ్డీకి ఉప్పు తేమ సోకితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పైకప్పు లోపలి నుంచి బీటలు వారి పెచ్చులు ఊడిపడతాయి. అందువల్ల తీరగ్రామాలలో బడి కట్టేటప్పుడు ఉప్పు లేని నీరు, ఉప్పు లేని ఇసుక వాడడం, కడ్డీల చుట్టూ కాంక్రీటు మందంగా ఉంచడం అత్యవసరం. ఈ జాగ్రత్త లోపించిన భవనం పిల్లల కంటే ముందే ముసలిదవుతుంది.

గాలివాన మరొక పరీక్ష. 2013 అక్టోబరు 12న పైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ ప్రాంతాన్ని తాకాయి. మూడూ అక్టోబరు రెండవ వారంలోనే వచ్చాయి. తిత్లీ శ్రీకాకుళం జిల్లాలోనే పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అటువంటి రాత్రి తీరగ్రామపు ప్రజలు పరుగెత్తేది బడి వైపే. ఊరందరికీ చెందిన గట్టి కప్పు అదొక్కటే కనుక.

ఈ అనుభవం నుంచే తుపాను రక్షణ భవనం అనే ఆలోచన వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత ఆంధ్ర తీరమంతటా ఇటువంటి భవనాలు వెలిశాయి. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాలలో మొదలైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం వాటి సంఖ్యను పెంచింది. ఉప్పెన నీరు కింది నుంచి సాగిపోయేలా స్తంభాల మీద ఎత్తుగా కట్టడం వీటి ప్రధాన లక్షణం. సాధారణ దినాలలో వీటిని బడిగా, సమావేశ మందిరంగా వాడుకోవచ్చు. నిత్యం వాడే భవనానికే మరమ్మతులు జరుగుతాయి, తాళంచెవి ఎవరి వద్ద ఉందో ఊరందరికీ తెలిసి ఉంటుంది. తాళం వేసి విడిచిన భవనం తుపాను నాటికి పనికిరాదు.

ఇటువంటి భవనాలలో కొన్నిటిని గుండ్రంగా కట్టారు. ఉత్తరాంధ్ర తీరవాసులకు ఆ ఆకారం కొత్తది కాదు. వారి పూర్వులు కట్టుకున్న చుట్టిల్లు గుండ్రని మట్టి గోడతో, నేలకు వంగిన తాటాకు కప్పుతో ఉండేది. మూలలు లేని గోడను గాలి పట్టుకొని తోయలేదు, పక్కనుంచి జారిపోతుంది. ఇంజనీరు గణితంతో సాధించినదాన్ని తీరవాసి అనుభవంతో సాధించాడు.

భవనం ఎంత దృఢమైనదైనా అందులోకి రావలసిన బిడ్డ రాకపోతే ఆ శ్రమ వ్యర్థం. ఉత్తరాంధ్ర మత్స్యకారులు చాలామంది పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వలస వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఇల్లు నడిపేవాడు దూరమైతే పెద్ద కొడుకు వలలకు, పెద్ద కూతురు ఇంటి పనికి మళ్లడం సహజం. ప్రాథమిక పాఠశాల ఊళ్లోనే ఉంటుంది కనుక అయిదవ తరగతి వరకు చదువు సాగుతుంది. ఉన్నత పాఠశాల పొరుగూరిలో ఉంటే ఆ నడుమ దారి ఆడపిల్లకు గోడ అవుతుంది. 2009లో ప్రారంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ప్రతి ఆవాసానికీ అయిదు కిలోమీటర్లలోపు మాధ్యమిక పాఠశాల ఉండాలని లక్ష్యంగా పెట్టుకున్నది ఇందుకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక దశలో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు ఇచ్చి, ఆ పథకానికి 'బడికొస్తా' అని పేరు పెట్టింది. ఆ ఒక్క మాటలో ఆడపిల్ల గొంతు వినిపిస్తుంది.

బాలికలను బడికి దూరం చేసే మరొక కారణం మరుగుదొడ్డి లేకపోవడం. 2019 నవంబరు 14న రాష్ట్రంలో ఆరంభమైన 'మన బడి నాడు–నేడు' కార్యక్రమం తొలి విడతలో 15,715 పాఠశాలలను చేపట్టింది. నీటి వసతి గల మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, బల్లలు, మరమ్మతులు, ప్రహరీగోడ అందులోని అంశాలు. పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించడం దాని విశేషం. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా, పైకప్పు కారుతున్నదా అని కనిపెట్టి చూసే తల్లిదండ్రుల బాధ్యత మాత్రం మారదు.

ఈ తీరం ఇప్పుడు మరొక మార్పును ఎదుర్కొంటున్నది. మొదట భావనపాడు పేరుతో ప్రతిపాదించిన ఓడరేవుకు అదే మండలంలోని మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే ఉపాధి వస్తుందని కొందరి ఆశ, నేలనూ వేటనూ కోల్పోతామని కొందరి భయం. రెండూ కొట్టివేయదగినవి కావు. ఒక ఊరు కదలవలసి వచ్చినప్పుడు ఇళ్లకు లెక్క కడతారు, చెట్లకు లెక్క కడతారు. బడికీ లెక్క ఉండాలి. 2013 నాటి భూసేకరణ చట్టం పునరావాస కాలనీలలో ఉండవలసిన వసతులలో పాఠశాలను కూడా చేర్చింది. కొత్త ఇల్లు ఆలస్యమైతే కుటుంబం కొంతకాలం అద్దె ఇంట ఉండగలదు. కొత్త బడి రెండేళ్లు ఆలస్యమైతే ఎనిమిదో తరగతి పిల్లవాడి చదువు శాశ్వతంగా ఆగిపోవచ్చు.

రాజులు కట్టిన బడి, బోర్డులు నడిపిన బడి, పరిషత్తు నిలిపిన బడి, ఉప్పెనకు ఎదురొడ్డి స్తంభాల మీద లేచిన బడి, ఇవన్నీ ఒకే దారిలోని మజిలీలు. నాడు గిడుగు చదువు కోసం వంశధార తీరాన్ని విడిచి వెళ్లాడు. నేటి తీరపు బిడ్డ ఊరు విడవకుండానే పదవ తరగతి ముగించగలిగితే ఆ దారి వేసినవారి శ్రమ ఫలించినట్లు. వేసిన దారి గడ్డి మొలవకుండా ఉండాలంటే దాని మీద నిత్యం నడిచే పాదాలు ఉండాలి. ఆ పాదాలు విద్యార్థులవి.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు వ్రాయండి.
1. బడికీ బిడ్డకూ మధ్య ఉన్న దూరాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. పర్లాకిమిడి ఉపాధ్యాయుడుగా గిడుగు రామమూర్తి చేసిన సేవను విశదీకరించండి.
3. సముద్రతీరంలో పాఠశాల భవన నిర్మాణానికి ఎదురయ్యే సమస్యలను, వాటికి పరిష్కారాలను తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. వీధి బడిలో బోధన ఎలా సాగేది?
2. చుట్టిల్లు గాలివానకు ఎలా తట్టుకొంటుంది?
3. 1936లో ఏర్పడిన సరిహద్దు తీరప్రాంత విద్యపై చూపిన ప్రభావం ఏమిటి?
4. పునరావాసంలో పాఠశాలకు ప్రాధాన్యం ఎందుకు ఇవ్వాలి?

ఇ. కింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
విద్యాలయం, మహోపకారం, అత్యవసరం, విద్యార్థి

ఈ. కింది పదాలకు విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి.
గాలివాన, బడి గోడలు, సముద్రతీరం

ఉ. మీ ఊరి పాఠశాల భవనాన్ని పరిశీలించి, పెద్దలను అడిగి, దాని చరిత్రను ఒక పుటకు మించకుండా వ్రాయండి.